ఇరవైనాలుగో కాజా

జనవరి 12

ఒరే బుడ్డోడా,

నలభై ఆరేళ్ళవాణ్ణి పట్టుకుని బుడ్డోడా అంటావేమిటని మొహం ముడుచుకోకు. ఎత్తుకుని తిప్పినదాన్ని, ఆ మాత్రం హక్కుంది. ఉత్తరమెందుకు, ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో మనం మూడో నిమిషానికల్లా పోట్లాడుకుంటాం. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు నోరెత్తలేవు.

మా ఆసుపత్రి కుట్టు గది ఎప్పటిలాగే ఉంది. పక్కన బట్టలుతికే గది, అటునుంచి వచ్చే ఆవిరి, బల్ల మీద ఆపరేషన్ గదివాళ్ళ ఆకుపచ్చ గుడ్డల గుట్ట. ఉన్న ఒక్క కిటికీలోంచి దారినపోయేవాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనపడవు. ఇన్నేళ్ళకి చెప్పులు చూసి డాక్టరెవరో, రోగి తాలూకువాళ్ళెవరో చెప్పగలుగుతున్నాను.

సరే, అసలు సంగతి. ఈ ఏడాది తాళాల మనిషిని నేనే.

పన్నెండేళ్ళ కిందట మనిద్దరం కోట దగ్గర తాడు వెనకాల నిలబడి మొదటిసారి చూశాం, గుర్తుందా? మూడొందల ఏళ్ళ నాటి ముట్టడిని మామూలు మనుషులే, కళ్ళజోళ్ళమ్మేవాళ్ళూ పాఠాలు చెప్పేవాళ్ళూ, ఆనాటి బట్టలు వేసుకుని మళ్ళీ చేసి చూపించారు. నువ్వు కత్తుల వైపు నోరు తెరుచుకుని చూశావు. నేను మాత్రం చివర్లో వచ్చిన ఆ ఒక్క మనిషినే చూశాను. కోటలో తిండి అయిపోయాక గిడ్డంగి చూసుకునే మనిషి తలుపు తీసుకుని ఒంటరిగా బయటికొచ్చి, తాళాలు శత్రువు చేతిలో పెట్టి, "లోపల పిల్లలు నిద్రపోతున్నారు. మెల్లగా రండి" అంటుంది. ఆ మనిషి ఆడో మగో ఏ కాగితంలోనూ లేదట. ఎవరైనా వెయ్యొచ్చట. ఆ రోజు బస్సులో నేను ఎందుకేడ్చానో నీకు చెప్పలేదు. అందుకే ఏడ్చాను.

నువ్వు అదే ఊళ్ళో లిఫ్టులు బాగుచేస్తూ ఉన్నావు కాబట్టి ఆ ముట్టడి చేసి చూపించేవాళ్ళ సంఘంలో చేరావు. నాకేమో నెలకి రెండే సెలవులు, ఏడు గంటల బస్సు ప్రయాణం. అలా నువ్వు మైదానంలోనూ నేను సూది దగ్గరా మిగిలిపోయాం. ఎవరి బట్టలు వాళ్ళే చేత్తో కుట్టుకోవాలని వాళ్ళ నియమం. నేను కుట్టిన పదకొండు సిపాయి అంగీలు నువ్వే కుట్టుకున్నట్టు చెప్పి వేసుకున్నావు. తప్పే, ఇద్దరం కలిసి చేసిన తప్పు. "ఏదో ఒక ఏడాది నీ వంతు వస్తుందిలే అక్కా" అన్నావు. వచ్చింది. సెలవులన్నీ దాచుకున్నాను. ముదురు గోధుమరంగు ఉన్ని గుడ్డ కొన్నాను. నా పేరు రాయించి, ఏమేం కావాలో కనుక్కుని రాయి.

నీ అక్క

*

ఫిబ్రవరి 2

అక్కా,

నీ ఉత్తరం చదివి మీ మరదలు పడీపడీ నవ్వింది. అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఒకటే పిచ్చా అంది. మన వ్యవహారానికి తను పెట్టిన పేరు తెలుసుగా, గుడ్డల యుద్ధం.

నీ పేరు రాయించేశాను. నువ్విక నిశ్చింతగా ఉండు. షరతులు మూడు. ఒకటి, మార్చి నుంచి నెలకో ఆదివారం చొప్పున ఆరు కవాతులకి రావాలి. రెండు, కోటు మొత్తం చేతి కుట్టే ఉండాలి, మిషను ముట్టుకోకూడదు. మూడోది కొత్త సంగతి. తాళాల మనిషి కోటుకి ఇరవైనాలుగు కాజాలుంటాయి. అందులో ఇరవై మూడు ఇంటి దగ్గర కుట్టుకోవచ్చు. చివరిది ప్రదర్శన రోజు పొద్దున్న కోట గుమ్మం ముందు స్టూలు మీద కూర్చుని అందరూ చూస్తుండగా కుట్టాలి. ఆ తర్వాతే తాళాలిస్తారు. భూతద్దం టీచరు పక్కనే నిలబడి చూస్తుంది. ఆవిడ గురించి చెప్పాను కదా, రిటైరైన చరిత్ర టీచరు, కుట్లని భూతద్దంతో చూసే మనిషి. సిపాయిల అంగీలకి కాజాలుండవు, ముడులే కాబట్టి ఇన్నాళ్ళూ నేను బతికిపోయాను.

నీకేం భయం, నీ చేతిలో పని. ఒక్క మాట, పాత బొమ్మల్లో చేతులు పొడుగ్గా ఉన్నాయని టీచరు అంది. నీ కొలత మీద రెండంగుళాలు పొడుగు పెట్టు.

మొన్న ఒక ముసలాయన లిఫ్టులో ఇరుక్కుపోయాడు. బయటికి లాగాక, నన్ను మళ్ళీ లోపల పెట్టెయ్, ఇంట్లోకంటే అక్కడే ప్రశాంతంగా ఉంది అన్నాడు. ఆ మాట తలుచుకుని రోజంతా నవ్వాను.

నీ బుడ్డోడు

*

మార్చి 16

ఒరే బుడ్డోడా,

చేతులు రెండంగుళాలు పొడుగు పెట్టాను. వేసుకుని చూస్తే వేళ్ళు కనపడటం లేదు. మూడొందల ఏళ్ళ కిందట జనం వేళ్ళు దాచుకుని ఏం పని చేసేవాళ్ళో టీచరునడుగు.

తొమ్మిదో తారీకు సంగతి నీకు తెలియాలి. పెద్ద నర్సుని బతిమాలి సెలవు తీసుకున్నాను. బదులుగా రెండు ఆదివారాలు పని చేస్తానని ఒప్పుకున్నాను. బస్టాండులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక, కవాతు లేదు రావొద్దు అని ఫోన్‌లో నీ కబురొచ్చింది. బస్సు నా కళ్ళ ముందే బయల్దేరింది. ఇంటికెళ్ళబుద్ధి కాక టీ తాగుతూ అక్కడే గంటసేపు కూర్చున్నాను. నీ తప్పు కాదులే. వచ్చే నెలైనా కాస్త ముందు చెప్పు.

ఆ మాట రోజూ చెప్పుకుంటున్నాను. ఉతికిన దుప్పట్ల బండి లోపలికి తోసుకొస్తుంటే "లోపల పిల్లలు నిద్రపోతున్నారు, మెల్లగా రండి" అన్నాను. బండి తోసే ఆవిడ నిజంగానే ఆగిపోయి, ఎక్కడమ్మా అని గుసగుసగా అడిగింది. అంటే బాగానే అంటున్నానన్నమాట. గొంతు ఎక్కడ తగ్గించాలో ఇంకా తేలటం లేదు. "పిల్లలు" దగ్గరా, "మెల్లగా" దగ్గరా? నువ్వు పదకొండేళ్ళుగా వింటున్నావు కదా, చెప్పు.

నీ అక్క

*

ఏప్రిల్ 21

అక్కా,

బస్టాండు సంగతి చదివి మనసంతా అదోలా అయిపోయింది. ఏం చెయ్యను, సంఘం వాళ్ళు ఆఖరి నిమిషంలో చెప్పారు. ఈ నెల పదమూడున కూడా లేకుండా పోయింది, మైదానమంతా నీళ్ళు. ఈసారి మాత్రం నాలుగు రోజుల ముందే చెప్పాను, దానికైనా మెచ్చుకో.

నా ఒళ్ళు హూనమైపోయింది. పనిలో ఎనిమిదంతస్తులు మెట్లెక్కి దిగాల్సొచ్చింది, పైగా మోకాలు ఇంకా వాపు తగ్గలేదు. మార్చి తొమ్మిదిన గోడ దగ్గర సేనాపతి వేషం వేసేవాడు వచ్చి నా మీద పడ్డాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని కూర్చుని తొంభై కిలోలకి తక్కువ లేడు. చచ్చినట్టు పడుండాలి కాబట్టి అరవడానికి కూడా లేదు.

కోటు ఎంతదాకా వచ్చింది? లోపల దూది పొర వేసుకోవాలట, ఛాతీ దగ్గర నాలుగంగుళాలు వదులు పెట్టు. ఇంకో చిన్న పని. కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కాజా ఎలా కుట్టాలని నన్నడుగుతున్నారు, పదకొండు అంగీలు కుట్టినవాణ్ణి కదా మరి. నీళ్ళు నమలాల్సొస్తోంది. కాస్త వివరంగా రాసి పంపితే పరువు నిలబడుతుంది.

గొంతు ఎక్కడ తగ్గించాలో నాకు తెలీదక్కా. నేను మొదటి పది నిమిషాల్లోనే చచ్చిపోతాను. చచ్చినవాళ్ళు బోర్లా పడుకోవాలని రూలు. ఆ మాట విన్నాను గానీ, అన్న మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు.

నీ బుడ్డోడు

*

మే 11

ఒరే,

కాజా పాఠం రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. ముందు సుద్దతో గీత గీసుకో, బొత్తాం కంటే ఒక నూలు పోగంత ఎక్కువ. గీత వెంబడి ఒక్క కోతలో కొయ్యి, రెండోసారి కత్తెర పెట్టకు. అంచులు చెదరకుండా పైపైన చుట్టుకుట్టు వెయ్యి. దారానికి మైనం రాసుకో. అంచు పక్కనే ఒక లావు పోగు పరుచుకో, దాని మీదుగా కుడితే కాజా బలంగా ఉంటుంది. సూదిని అడుగునుంచి పైకి సగం తీసి ఆపు. దారాన్ని సూది చుట్టూ ఒకసారి తిప్పు, అప్పుడు లాగు. లాగేటప్పుడు కోపం చూపించకు. ముడి వచ్చి అంచు మీద ఆవగింజలాగా కూర్చుంటుంది. దాని పక్కన ఇంకోటి. మధ్యలో ఖాళీ ఉండకూడదు, ఒకదాని మీదొకటి ఎక్కకూడదు. నాకు ఒక్కో కాజాకి నలభై నిమిషాలు పడుతుంది, నీ కొత్తవాళ్ళకి పూట పడుతుంది.

నేను ఎడమచేతివాటం మనిషినని మర్చిపోకు. ఇదంతా నా చేతి లెక్క. వాళ్ళకి చెప్పేటప్పుడు అద్దంలో చూసినట్టు తిరగేసి చెప్పు.

ఛాతీ వదులు చేశాను. ఇప్పుడా కోటులో నాతోబాటు దుప్పట్ల బండావిడ కూడా పడుతుంది.

ఇంకో మాట. మార్చి తొమ్మిదిన కవాతు లేదన్నావు. మరి సేనాపతి నీ మీద ఎప్పుడు పడ్డాడు? తప్పుగా అనుకోకు, ఊరికే అడుగుతున్నాను. పొరపాటున తారీకు మారి ఉంటుంది.

అక్క

*

జూన్ 20

అక్కా,

పోలీసువి కావాల్సినదానివి, కుట్టు గదిలో ఉండిపోయావు. ఆ రోజు కవాతు లేదు, నిజం. నలుగురం ఊరికే కలిసి సరదాగా పొర్లాం, అంతే. దాన్ని కవాతనరు.

పాఠం బ్రహ్మాండంగా ఉంది. ఒక అనుమానం. కుడిచేత్తో తిరగేసి కుడితే ముడి అటువైపు వాలుతుందా? చూసేవాళ్ళకి తేడా తెలుస్తుందా? కొత్తవాళ్ళడిగారు.

నీకో మంచి వార్త. టీచరుతో మాట్లాడాను. మా అక్క ఆసుపత్రిలో పని చేస్తుంది, సెలవులు దొరకవు అని ఒకటికి పదిసార్లు చెప్పాను. కోటు సరిగ్గా ఉంటే చాలు, కవాతులకి రాకపోయినా పర్వాలేదంది. ఇక నువ్వు బస్టాండు చుట్టూ తిరగక్కర్లేదు. హాయిగా కుట్టుకో, తిన్నగా ప్రదర్శనకి వచ్చెయ్.

చివరి మార్పులు రెండు. మెడ పదహారు అంగుళాలు పెట్టు. కుడి భుజం అర అంగుళం కిందికి దించు, తాళాల గుత్తి అటువైపు వేలాడుతుంది కాబట్టి దించాలట. ఇక మార్పులుండవు, ఒట్టు.

నీ బుడ్డోడు

*

ఆగస్టు 3

తమ్ముడూ,

నీ అనుమానానికి జవాబు. తేడా తెలుస్తుంది. ఎడమచేతి ముడులు ఒకవైపు వాలితే కుడిచేతివి రెండో వైపు వాలతాయి. ఒకే కోటు మీద రెండూ ఉంటే భూతద్దం అక్కర్లేదు, మామూలు కళ్ళు చాలు.

కవాతులు అక్కర్లేదన్న వార్త చదివి ముందు సంతోషపడ్డాను. పెద్ద నర్సుకి చెప్పి సెలవులు వెనక్కిచ్చేశాను. పాపం ఆవిడ ఎంత సంబరపడిందో.

తర్వాత కొత్త కొలతలన్నీ ఒకే కాగితం మీద రాసుకున్నాను, గుడ్డ మీద మళ్ళీ గీతలు గియ్యాలి కదా. చెయ్యి ఇరవైనాలుగు. ఛాతీ నలభై. మెడ పదహారు. కుడి భుజం అర అంగుళం పల్లం. కాగితం గోడకి అంటించి టీ తాగుతూ చూశాను. నేను ముప్ఫై ఏళ్ళుగా మనుషుల్ని అంకెల్లో చూస్తున్నదాన్ని. మొహం మర్చిపోతానేమో గానీ కొలతలు మర్చిపోను.

చిన్నప్పుడు నువ్వు ప్రహరీ గోడ మీంచి పడ్డావు. కుడివైపు భుజం ఎముక విరిగింది. అమ్మకి తెలిస్తే తంతుందని నిన్ను వీపున వేసుకుని దవాఖానాకి నేనే మోసుకెళ్ళాను. దారంతా నా జడ పట్టుకుని ఏడ్చావు. అది ఎంత తప్పుగా అతుక్కుందో నాకు తెలిసినట్టు నీకు కూడా తెలీదు.

ఒక్కటే అడుగుతున్నాను. కోపం లేదు, నిజంగా లేదు. ఈ కోటు ఎవరు వేసుకుంటారు? నువ్వు నిజం చెప్తే, ఏదైనా సరే, కుట్టి పంపిస్తాను. ఒక్క మాట రాయి చాలు.

అక్క

*

ఆగస్టు 29

అక్కా,

నువ్వే. ఇంకెవరు?

ఇలా అడిగినందుకు నిజంగా బాధేసింది. నీకోసం టీచరు చుట్టూ, సంఘం చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతుంటే, నన్నే దొంగని చూసినట్టు చూస్తావా? భుజం సంగతి చెప్పింది నేను కాదు, టీచరు. తాళాల బరువుకి కోటు లేచిపోకూడదని. నా భుజమూ అలాగే ఉంటే నా ఖర్మ. ఆ గోడ, ఆ జడ, అవన్నీ నేను మర్చిపోయాననుకున్నావా? నీ మీద ఒట్టేసి చెప్తున్నాను, ఆ కోటు నీదే.

అక్టోబరు మొదట్లోగా పార్సెల్ పంపు. టీచరు ముందుగా చూడాలట.

మీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. 

నీ తమ్ముడు

*

అక్టోబరు 4

తమ్ముడూ,

కోటు పంపుతున్నాను. ఇరవై మూడు కాజాలు అయ్యాయి. ఇరవైనాలుగోది సుద్దతో గీత గీసి వదిలేశాను. మైనం రాసిన దారం, సూది లోపలి జేబులో ఉన్నాయి. నువ్వు చెప్పిన కొలతలన్నీ చెప్పినట్టే పెట్టాను, నా ఒంటికి ఒక్కటీ సరిపోవు.

నువ్వు ఒట్టేశావు కాబట్టి నమ్ముతున్నాను.

అక్క

*

నవంబరు 6

అక్కా,

కోటు చూసి టీచరు భూతద్దం పక్కన పెట్టేసింది. ఇక చూడ్డానికేమీ లేదంది. నీ చేతులకి దండం పెట్టాలి.

ఒక చేదు కబురు. కోట పెద్ద తలుపు కీలు ఊడింది, బాగుచెయ్యాలట. పదహారున జరగాల్సిన ప్రదర్శన వాయిదా పడింది. బహుశా డిసెంబరులో, తారీకు తేలగానే రాస్తాను. నువ్వు తొందరపడి బయల్దేరొద్దు. మళ్ళీ బస్టాండులో కూర్చోవడం నాకిష్టం లేదు.

నీ బుడ్డోడు

*

నవంబరు 25

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి రాశాను. మొదటి రెండింటిలో తలుపు అనుకోకుండా త్వరగా బాగైందని, నీకు చెప్పే వ్యవధి లేకపోయిందని రాశాను. ఇంక రాయలేను.

తాళాల మనిషిని నేనే వేశాను. వాయిదా ఏమీ పడలేదు. పదహారునే జరిగింది. నీ పేరు నేను సంఘంలో రాయించలేదు. టీచరుకి నాకో అక్క ఉందనే తెలీదు.

తిట్టుకో. కానీ ఒక్కటి విను. పదకొండేళ్ళలో ఒక్క కవాతు మానలేదు నేను. ఎండలో, వానలో పోయాను. ఇంట్లో మాటలు పడ్డాను. వేలూ మోకాలూ విరగ్గొట్టుకున్నాను. ఏటా బోర్లా పడి, నోట్లో మట్టితో, వెనకాల తలుపు చప్పుడు వింటూ పడున్నాను. నువ్వు పెట్టింది గుడ్డ, నేను పెట్టింది ఒళ్ళు. ఒక్కరోజు కూడా మైదానంలోకి రాని మనిషి తిన్నగా వచ్చి తాళాలు పట్టుకుంటానంటే కడుపు మండింది. అడిగితే ఇస్తావని తెలుసు. అడగడానికి మొహం చెల్లలేదు. అబద్ధం ఒకటి ఆడితే దాని వెనకాల ఇంకోటి వచ్చి నిలబడింది. ఆగస్టులో నువ్వడిగినప్పుడు చెప్పాల్సింది. కలం చేతిలో పట్టుకుని కూర్చున్నాను, చెప్పలేకపోయాను.

ఇప్పుడు పీకలమీదకొచ్చింది. నా కాజా చూసి టీచరు ముచ్చటపడిపోయి, కొత్తవాళ్ళందరికీ ఇక నుంచి నేనే కుట్టు నేర్పాలని సంఘంలో ప్రకటించింది. డిసెంబరు ఏడు నుంచి ప్రతి ఆదివారం. నాకు ఆ ఒక్క కాజా తప్ప బొత్తాం కుట్టడం కూడా రాదని నీకు తెలుసు. అక్కా, నువ్వు తప్ప నాకెవరూ లేరు. అస్తరు వెయ్యడం, చంక అతకడం, ఇంకో నాలుగు రకాల కుట్లు, కాజా పాఠం రాసినట్టే రాసి పంపు. తర్వాత నన్నేమన్నా పడతాను.

నీ బుడ్డోడు

*

డిసెంబరు 1

మాస్టారికి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నాకు తెలియని సంగతి అందులో ఒక్కటే ఉంది, నీ కడుపు మంట. అది మాత్రం నిజంగా తెలీదు. మిగిలినదంతా నేను అక్కడే ఉండి చూశాను.

వాయిదా అని నువ్వు రాసిన ఉత్తరం వచ్చిన మర్నాడు, పనికెళ్తూ బస్టాండు గోడ మీద పోస్టరు చూశాను. నవంబరు 16, కోట ముట్టడి, అందరూ ఆహ్వానితులే. కొత్త కాగితం, జిగురు కూడా ఆరలేదు. ఇంకా నిన్ను నమ్మాలనే చూశాను, పాత పోస్టరేమో అనుకున్నాను. పెద్ద నర్సుని మళ్ళీ సెలవడిగితే, ఇచ్చేసిన సెలవు మళ్ళీ అడుగుతావేంటమ్మా అని కసిరి, నా మొహం చూసి ఇచ్చేసింది.

పన్నెండేళ్ళ కిందట నిలబడ్డ చోటే నిలబడ్డాను, తాడు వెనకాల. నువ్వు స్టూలు మీద కూర్చున్నావు. ఒంటి మీద నా కోటు. కుడి భుజం దగ్గర ఒక్క ముడత లేదు. నా ఒంటి మీద అలా కుదిరే కోటు నేను నా జన్మలో కుట్టుకోలేదు.

నువ్వు సూది తీశావు. ఎడమచేత్తో తీశావు.

పుట్టుకతో కుడిచేతివాటం వాడివి. అన్నం కుడిచేత్తో, రాత కుడిచేత్తో, నన్ను రాళ్ళతో కొట్టింది కూడా కుడిచేత్తోనే. నా ఇరవై మూడు కాజాల పక్కన నీది తేడా రాకూడదని ఎడమచేత్తో నేర్చుకున్నావు. ఎన్ని నెలలు పట్టిందిరా? వేళ్ళు ఎన్నిసార్లు పొడుచుకున్నావు? పదకొండేళ్ళలో కుట్టు పనికి నువ్వు కూర్చుంది ఇదొక్కసారే, అదీ నన్ను ముంచడానికి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నువ్వు దారాన్ని సూది చుట్టూ తిప్పి, కోపం చూపించకుండా మెల్లగా లాగి, ముడిని అంచు మీద కూర్చోబెట్టినప్పుడు, ఒక్క క్షణం నా ఛాతీ పొంగింది. ఎంత బాగా నేర్చుకున్నాడు అనుకున్నాను. ఆ క్షణం మీదే నాకిప్పటికీ ఎక్కువ కోపం.

టీచరు భూతద్దం పెట్టి ఇరవైనాలుగూ చూసింది. ఒకటే చెయ్యి అంది. అన్నీ నువ్వే కుట్టావా బాబూ అని అడిగింది. నేను ముగ్గురు మనుషుల అవతల ఉన్నాను. నువ్వు తలెత్తి ఉంటే కనపడేదాన్ని. "నేనే టీచర్. చిన్నప్పట్నుంచీ అలవాటు. నేర్పినవాళ్ళెవరూ లేరు" అన్నావు.

బట్టలు నేనే కుట్టుకున్నానని నువ్వు పదకొండేళ్ళుగా అంటున్నావు, ఆ అబద్ధంలో నాకూ వాటా ఉంది. నేర్పినవాళ్ళెవరూ లేరన్న మాట మాత్రం నీ సొంతం. ఆ సంగతి నిన్నెవరూ అడగలేదు కూడా.

తర్వాత తలుపు తీసుకుని వచ్చి ఆ మాటన్నావు. గొంతు "మెల్లగా" దగ్గర తగ్గించావు. అక్కడే తగ్గించాలి, ఇప్పుడు తెలిసింది. బాగా అన్నావు. చెడగొట్టి ఉంటే కాస్త ఊపిరాడేది నాకు. జనం చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు. తాడు వెంబడి అందరికీ కాజాలు చూపిస్తూ టీచరు నా దాకా వచ్చి, కుట్టు ఎలా ఉందమ్మా అని నన్నే అడిగింది. కుట్టిన చెయ్యి మంచిదండీ అన్నాను. ఆవిడ నా వేళ్ళ వైపు చూసింది. నేను కొంగు కింద దాచుకున్నాను. నీ పరువు కాపాడటం పాత అలవాటు, ఒక్కపూటలో పోలేదు.

నువ్వు పెట్టింది గుడ్డ, నేను పెట్టింది ఒళ్ళు అన్నావు. బుడ్డోడా, కళ్ళజోడు నెంబరు నాలుగుసార్లు ఎందుకు మారిందనుకున్నావు? మెడ పక్కకి తిరగడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్ళానని రాస్తే, నూనె రాసుకో అన్నావు. ఒళ్ళు నేనూ పెట్టాను, ఎవరికీ కనపడనిచోట కూర్చుని పెట్టాను. నువ్వు అడిగి ఉంటే ఆ తాళాలు నీకే ఇచ్చి, తాడు వెనకాల నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేదాన్ని. నువ్వు తీసుకుంది వేషం కాదు. ఇచ్చే అవకాశం కూడా నాకు లేకుండా చేశావు. నా మీద ఒట్టేసి మరీ చేశావు.

నువ్వడిగిన పాఠాలు రాసి పంపటం లేదు. అస్తరు పాఠం లేదు, చంక పాఠం లేదు. ఈ జన్మకి నీకు నేను రాసిన చివరి పాఠం ఆ కాజా.

టీచరు మీద బెంగ పెట్టుకోకు. నీ గురించి ఆవిడకి ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పను. కానీ ప్రదర్శన అయ్యాక ఇంటికొచ్చి ఆవిడకో ఉత్తరం రాశాను. ఆసుపత్రిలో పని చేస్తాను, మీ సంఘంలో చేరాలనుంది, మొదటినుంచీ మొదలుపెడతాను, కవాతులకీ వస్తాను అని. నా పేరు నేనే రాయించుకున్నాను, ఎవరి చేతికీ ఇవ్వలేదు. నిన్ననే జవాబొచ్చింది. చక్కటి దస్తూరి. తప్పకుండా రండి, కుట్టు రాకపోయినా భయం లేదు, మాకిప్పుడు గొప్పగా నేర్పే మాస్టారు దొరికారు అని రాసింది.

టిక్కెట్టు కొన్నాను. ఏడో తారీకు ఆదివారం మీ మొదటి క్లాసుకి వస్తున్నాను. ముందు వరసలో కూర్చుంటాను. సూదీ దారం మైనం నావి నేనే తెచ్చుకుంటాను. నాకేమీ రాదనుకోండి మాస్టారూ. అందరి ముందూ, మెల్లగా, ఎడమచేత్తో, కాజా ఎలా కుట్టాలో నాకు నేర్పండి.

ఇట్లు,
మీ కొత్త విద్యార్థిని